తెర మీద కోతులతో నా ప్రాజెక్టు

జువాలజీ ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు, కోతుల గుంపులో పెద్దరికం ఎలా ఏర్పడుతుందన్న ప్రశ్న ఎంచుకున్నాను. విశాఖలో కోతులకు కొదవ లేదు. సింహాచలం కొండెక్కితే ప్రసాదం సంచి మన చేతిలో నిలవదు. కొదవంతా సమయానికే. ఎవరు ఎవరికి లొంగుతున్నారో తేల్చాలంటే ఒక్కొక్క కోతినీ ముఖం చూసి గుర్తుపట్టాలి, నెలల తరబడి వెంట తిరగాలి. సెమిస్టర్ అంతవరకు ఆగదు. అందుకే కంప్యూటర్‌లో కోతుల గుంపు నమూనా కట్టి చేస్తానన్నాను.

"ఏమ్మా, కొండెక్కకుండానే డిగ్రీ తీసుకుందామనా?" అన్నారు మా గైడు మేడం. అన్నారే గానీ అడ్డు చెప్పలేదు.

ప్రోగ్రామింగ్ నాకు కొత్త. 1999లో యూరీ విలెన్‌స్కీ రూపొందించిన నెట్‌లోగో అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, జీవశాస్త్రం వాళ్లూ నేర్చుకోగలరు. అందులోని పక్షుల గుంపు నమూనాతో సాధన చేసి, గుంపులో పెద్దరికంపై పరిశోధకురాలు షార్లెట్ హేమెల్రైక్ రూపొందించిన డామ్‌వరల్డ్ అనే నమూనాకు వచ్చాను.

అందులో నియమాలు చాలా తక్కువ. గుంపుకు దూరమైతే వెనక్కి రావాలి. మరీ దగ్గరికి ఎవరైనా వస్తే తలపడాలి. ప్రతి జీవికీ బలాన్ని సూచించే అంకె ఒకటి ఉంటుంది. మొదట అందరికీ ఒకే అంకె ఇచ్చాను. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. బలహీనుడు బలవంతుణ్ణి ఓడిస్తే మార్పు ఎక్కువ, బలవంతుడే గెలిస్తే నామమాత్రం. ఓడినవాడు పారిపోతాడు. మధ్యలో ఉండాలన్న కోరిక ఎవరికీ రాయలేదు.

కాసేపటికి బలవంతులు గుంపు నడుమకు చేరారు, బలహీనులు అంచులకు పోయారు! నిజానికి బలవంతులను అక్కడికి ఎవరూ పంపలేదు. ఓడినవాళ్లు పదే పదే పక్కకు తప్పుకోవడం వల్ల మిగిలిన చోటు అది. పోట్లాట తీవ్రత పెంచితే అంతస్తుల తేడా పెరిగింది, తగ్గిస్తే దాదాపు చెరిగిపోయింది. తొలి గెలుపోటములు యాదృచ్ఛికం కాబట్టి ఒక్కసారి నడిపితే వచ్చిన ఫలితాన్ని నమ్మకూడదు. అవే నియమాలతో మళ్లీ మళ్లీ నడిపి సగటు తీయాలి. రాత్రుళ్లు నా ల్యాప్‌టాప్ చేసిన పని అదే. విసుగు పుట్టించే పనే, కానీ ప్రాజెక్టు బలమంతా అక్కడే ఉంది.

వైవాలో అసలు ప్రశ్న వచ్చింది. గుంపు నడుమ ఉంటే వేటాడే జంతువుకు చిక్కే ప్రమాదం తక్కువ కనుక ప్రతి జంతువూ అటే జరుగుతుందని జీవశాస్త్రవేత్త హామిల్టన్ 1971లో వాదించాడు కదా, మరి దాన్ని కాదంటావా?

కాదనడం లేదన్నాను. నా తెర మీద వేటాడే జంతువే లేదు; అయినా అదే అమరిక వచ్చింది. భయం లేకుండా కూడా ఇది సాధ్యమని మాత్రమే సిమ్యులేషన్ చెబుతుంది. కొండ మీద కోతులకు ఏది కారణమో అది తేల్చలేదు. తేలాలంటే పెద్ద కోతి తానుగా నడుమకు నడుస్తోందా, చిన్నవి దూరం జరగడం వల్ల నడుమ మిగిలిపోతోందా అన్నది చూడాలి. అప్పుడు ఏం నమోదు చేయాలో నాకిప్పుడు తెలుసు: పోట్లాట ముగిశాక ఎవరు ఎటు, ఎంత దూరం కదిలారో.

"అయితే కొండెక్కక తప్పదన్నమాట" అన్నారు మేడం.