గోరువెచ్చన అంటే ఎన్ని డిగ్రీలు?

పసిపిల్లలకి నీళ్ళు పోసే ముందు మా అమ్మమ్మ బకెట్‌లో ముంజేయి ముంచి చూసేది. ఇంకో చెంబు చన్నీళ్ళు పొయ్యమనేది, లేదా చాల్లే అనేది. గోరువెచ్చన అంటే ఇన్ని డిగ్రీలని ఎవరూ రాసిపెట్టలేదు, అయినా ఏ పిల్లకీ ఒళ్ళు కాలలేదు.

ఎంటెక్‌లో ఫజీ లాజిక్, అంటే అవును, కాదులకి మధ్య పాళ్ళతో లెక్కేసే పద్ధతి, చదువుతుంటే నాకు ఆ బకెట్టే గుర్తొచ్చింది. 1965లో అమెరికాలోని బర్క్లీ యూనివర్సిటీలో లోట్ఫీ జాదే రాసిన పేపర్‌లోని ఆలోచన పట్టుకుంటే, 38 డిగ్రీల నీళ్ళు గోరువెచ్చనా, వేడా అని తేల్చక్కర్లేదు, 0.7 పాళ్ళు గోరువెచ్చన, 0.3 పాళ్ళు వేడి అనుకోవచ్చు. "గోరువెచ్చగా ఉంటే హీటర్ కొంచెం", "వేడిగా ఉంటే హీటర్ ఆపు" అనే రెండు రూల్సూ ఎవరి పాలు వాళ్ళు లాగి, హీటర్ మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. 1970ల్లో లండన్ క్వీన్ మేరీ కాలేజీలో మమ్దానీ, అసిలియన్ ఇలాంటి రూల్స్‌తోనే ఓ చిన్న ఆవిరి యంత్రాన్ని అదుపు చేసి చూపించారు. 1987లో మొదలైన జపాన్ సెండాయ్ సబ్‌వే రైళ్ళదీ ఇదే దారి.

మరి ఆ 0.7 ఎక్కణ్ణుంచి వచ్చింది? మనం గీసే త్రికోణం నుంచి. అడుగున డిగ్రీలు, శిఖరం దగ్గర 1, రెండు కాళ్ళ దగ్గర 0, మధ్యలో ఎక్కడ ఎంత ఎత్తుంటే అంత పాలు. నా ప్రాజెక్టు నీళ్ళ ట్యాంకు. ఉష్ణోగ్రత, అది మారే వేగం, హీటర్ పవర్, మొత్తం మూడు, ఒక్కోదానికి ఐదు త్రికోణాలు, ఒక్కో త్రికోణానికి మూడు మూలలు, అంటే 45 అంకెలు. వాటిని చేత్తో అటూ ఇటూ జరుపుతూ రెండు వారాలు గడిపాను, ఒకటి సర్దితే ఇంకోటి చెడేది.

అప్పుడు జెనెటిక్ అల్గారిథమ్ పట్టుకున్నాను, మిచిగన్‌లో జాన్ హాలండ్ 1975 పుస్తకంతో పేరుకెక్కిన పద్ధతి. 45 అంకెల వరస ఒక జీవి అనుకోండి. అలాంటివి 60 తయారుచేసి, ఒక్కోదాన్నీ సిమ్యులేషన్‌లో నడిపి, తప్పు (ఎర్రర్, కావాల్సిన వేడికీ వచ్చిన వేడికీ తేడా) తక్కువొచ్చిన వాటిని జత కలిపి, పుట్టిన వరసల్లో అక్కడో అంకె ఇక్కడో అంకె మార్చి, మళ్ళీ నడపడం. రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి ఎర్రర్ సగానికి పైగా తగ్గింది, నా ఆనందం అంతా ఇంతా కాదు.

తర్వాత గ్రాఫ్ గీశాను. గోరువెచ్చన త్రికోణం 55 డిగ్రీల మీద కూర్చుంది! వేడి దానికి కిందుంది, చల్లన రెండింటి మీదా దుప్పటిలా పరుచుకుంది. అల్గారిథమ్‌ది తప్పేం కాదు, తగ్గించమన్నది ఎర్రర్‌ని, మాటకి అర్థం మిగలాలని దానికి నేను చెప్పలేదు కదా. నాసా 2006లో ఎస్‌టీ5 ఉపగ్రహాలతో పంపిన యాంటెన్నా కూడా ఇలాగే పరిణామంతో పుట్టిందే, వంకర్లు తిరిగిన తీగలా ఉంటుంది. అక్కడ సిగ్నల్ బాగుంటే చాలు, తీగని ఎవరూ చదవక్కర్లేదు. రూల్ మాత్రం మనిషి చదివి, ఇది తప్పు అని వేలు పెట్టి చూపగలగాలి. లేకపోతే ఫజీ ఎందుకు, లోపలి లెక్క మనిషి చదవలేని న్యూరల్ నెట్‌వర్కే పెట్టుకోవచ్చు.

అందుకని మూలలు దాని చేతికివ్వడం మానేశాను. శిఖరాలు మాత్రమే ఇచ్చాను. ఒక త్రికోణం కాళ్ళు పక్క త్రికోణాల శిఖరాల కింద ఉండాలి, వరస తప్పకూడదు, రెండు చివరలూ కదలకూడదు. 45 అంకెలు 9కి వచ్చాయి. గోరువెచ్చన 34కీ 40కీ మధ్యే తిరగాలని హద్దు కూడా పెట్టాను. ఎర్రర్ కొంచెం పెరిగింది, పెరగనీ అనుకున్నాను. ఆ సాయంత్రం రూల్స్ ఒక్కొక్కటీ పైకి చదువుకుంటే అన్నీ అర్థమయ్యాయి.