ఫాయిల్ ట్రేలో పులిహోర: మిన్నెసోటా పాట్‌లక్ నోట్‌బుక్

సెప్టెంబరు

ఇక్కడి లూథరన్ చర్చిల్లో సండే స్కూల్ కొత్త ఏడాది సెప్టెంబరులో మొదలవుతుంది. ర్యాలీ సండే అంటారు. ఆరాధన అయ్యాక కింద బేస్‌మెంట్ హాల్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చి అందరూ కలిసి తినే విందు. ఎవరు ఏం తేవాలో ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి బులెటిన్‌లో వేస్తారు. ముందు అక్షరాల వాళ్ళు సలాడ్, మధ్య వాళ్ళు హాట్‌డిష్ (ఓవెన్లో చేసే ఒకే పళ్ళెం వంట), చివరివాళ్ళు స్వీటు. మన తెలుగువాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఎటు పడిందో ఆ దేవుడికే తెలియాలి కాబట్టి, అన్నదమ్ముల పిల్లల్లోనే ఒకరికి సలాడ్, ఒకరికి కేకు వస్తుంటుంది.

ఈ పాట్‌లక్‌లకు వండటం నాకు హాబీ అయిపోయింది. ఏ వంటకం బల్ల మీద రెండు గంటలు నిలబడింది, ట్రే ఏ స్థితిలో ఇంటికొచ్చింది, ఎవరు ఏమడిగారు, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అందులోంచే ఇవి.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. అక్కడి చర్చి విందును ప్రేమ విందు అంటారు, దాని తీరు వేరు. ఇంటికి ఇన్ని మానికల బియ్యం అని ముందే వసూలు చేసేవాళ్ళు, పైన చందా. చర్చి వెనక గాడిపొయ్యి తవ్వి, మగవాళ్ళే గుండిగలెక్కించి వండేవాళ్ళు. వార్చిన అన్నాన్ని వెదురు చాప మీద పరిచిన తెల్లగుడ్డలో రాశి పోస్తే, మా పిల్లలకు మొహాలకు ఆవిరి తగిలేంత దగ్గరికి వెళ్ళడం సరదా. ఉప్పు చూసే హక్కు ఒక్క సంఘ పెద్దకే ఉండేది. ఆయన అరచేతిలో పులుసు పోయించుకుని, కళ్ళు మూసుకుని, ఏమీ మాట్లాడకుండా వేలు ఒకటి పైకెత్తేవాడు. ఇంకో దోసెడు ఉప్పు అని అర్థం.

ఇక్కడి పద్ధతి ఫోన్లో చెబితే మా అమ్మకు మింగుడు పడలేదు. "ఎవరి కూర వాళ్ళు తెచ్చుకుని, ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కుపోయేదానికి విందని పేరెందుకురా?" అంది. వెంటనే, "ఇంతకీ ఏం పట్టుకెళ్తున్నావు? పులిహోర పట్టుకుపో, చెడదు" అని తనే తేల్చేసింది.

అమ్మ చెప్పినదే సరైన మాట. పాట్‌లక్‌లో వంటకానికి మొదటి పరీక్ష రుచి కాదు. పొయ్యి దిగిన రెండు గంటల తర్వాత, నాలుగో బల్ల చివర, మూత తీసి మూసి తీసి మూసిన తర్వాత ఎలా ఉందన్నదే. గారెలు ఈ పరీక్షలో నిలవవు, పూరీలు అసలే నిలవవు. సేమ్యా పాయసం గరిటె నిలబడేంత గట్టిపడుతుంది. పులిహోర మాత్రం పొద్దున కలిపినదానికంటే మధ్యాహ్నానికే బాగుంటుంది.

నా లెక్క: సోనా మసూరి కిలో, చింతపండు 150 గ్రాములు, నూనె 150 మిల్లీలీటర్లు. బియ్యం ఒకటికి నీళ్ళు ఒకటి ముప్పావు, అంతకు మించితే ముద్దవుతుంది. అన్నాన్ని వెడల్పాటి బేకింగ్ ట్రేల్లో పరిచి, పసుపు, కాస్త నూనె చల్లి ఆరనిచ్చాకే పులుసు. తాలింపులో వేరుశనగ పూర్తిగా మానేశాను, ఎవరికి ఎలర్జీ ఉందో బల్ల దగ్గర అడగలేం. దాని బదులు శనగపప్పు. అరగంట నానబెట్టి, తడి తుడిచి వేయిస్తే పెద్దవాళ్ళ పళ్ళకు ఇబ్బంది ఉండదు. మిరపకాయలు నిలువుగా చీల్చి పెద్దవిగానే వేస్తాను, వద్దన్నవాళ్ళు పక్కకు నెట్టుకుంటారు. కిలో బియ్యం ఒక లోతైన హాఫ్ సైజు ఫాయిల్ ట్రేకి సరిపోతుంది.

ట్రే ముందు ఒక కార్డు పెట్టాలి. అందులో ఏమేం ఉన్నాయో రాయాలి. "గ్లూటెన్ లేదు" అని రాసే ముందు ఇంగువ డబ్బా తిప్పి చూడండి. మనం కొనే ఇంగువ పొడిలో చాలావాటికి గోధుమపిండి కలిపి ఉంటుంది.

అక్టోబరు

హాట్‌డిష్ నేర్చుకునే నెల. మిన్నెసోటాలో ఉంటూ హాట్‌డిష్ రాకపోతే గుంటూరులో ఉంటూ గోంగూర తెలియనట్టే. మాంసం, కూరగాయలు, డబ్బా సూపు, పైన ఏదో ఒక పిండి పదార్థం, అన్నీ ఒకే పళ్ళెంలో ఓవెన్లో పెట్టేదే హాట్‌డిష్. అచ్చులో దొరికిన పాత రెసిపీ 1930లో మంకేటో పట్టణంలోని గ్రేస్ లూథరన్ చర్చి మహిళలు వేసిన వంటల పుస్తకంలోది. 1934లో క్యాంప్‌బెల్స్ వాళ్ళ పుట్టగొడుగుల క్రీమ్ సూపు డబ్బా వచ్చాక, చర్చి వంటిళ్ళలో దాన్ని సరదాగా "లూథరన్ బైండర్" (అన్నిటినీ పట్టి ఉంచేది) అనడం మొదలైంది. టేటర్ టాట్స్ అనే బంగాళదుంప బిళ్ళలు 1950ల్లో వచ్చాయి. అందరూ పైన అవే పేరుస్తారు.

నేను చేసే తీరు: చికెన్ కీమా అర కిలోకు కాస్త తక్కువ. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి, మిరియాల పొడి వేసి తడి పూర్తిగా ఇగిరేదాకా వేయించాలి. పైపైన వేయిస్తే అడుగున నీరు ఊరుతుంది. ఫ్రోజెన్ బీన్స్ రెండు గుప్పిళ్ళు, సూపు డబ్బా ఒకటి, అదే డబ్బాలో సగం పాలు. తొమ్మిది బై పదమూడు అంగుళాల పళ్ళెంలో సర్ది, పైన టేటర్ టాట్స్ వరసలుగా పేర్చి, 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 40 నుంచి 45 నిమిషాలు. పైన ఎర్రబడి, అంచుల్లో కుతకుతలాడితే అయినట్టు. మసాలా పొడి వేయాలని చేయి లాగుతుంది కానీ వేయకండి. సూపులో ఉప్పు, వాసన ఎలాగూ ఉన్నాయి, గరం మసాలా పడితే అది అటూ కాదు ఇటూ కాదు. మిరియాలు, కరివేపాకు దాకా సరే.

కారం గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కారం తగ్గించిన గుంటూరు కోడికూర పట్టుకెళ్ళొద్దు. ఇక్కడివాళ్ళకు అది ఇంకా కారమే, మనవాళ్ళకు చప్పిడి. పుట్టుకతోనే కారం లేని వంటకాన్ని ఎంచుకోవాలి: కొబ్బరన్నం, దద్దోజనం, బొబ్బట్లు. దద్దోజనం మాత్రం ఐసు పెట్టిన ట్రేలో ఉండాలి. కారం కావలసినవాళ్ళకు పక్కన చిన్న గిన్నెలో గోంగూర పచ్చడి. యూనివర్సిటీలో చదివే తెలుగు పిల్లలు ఎప్పుడైనా వస్తే బల్లంతా వదిలేసి ఆ గిన్నె దగ్గరే తేలతారు.

నవంబరు

కోతకాల పండుగ మా ఊళ్ళో పెద్ద సంబరం. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటి గెలలు బలిపీఠం ముందు పెట్టి, ఆరాధన తర్వాత వేలం వేసేవాళ్ళు. పది రూపాయల సొరకాయ పంతం మీద ఎక్కడికో పోయేది. ఇక్కడ వేలం లేదు, థాంక్స్‌గివింగ్ ముందు ఒక పాట్‌లక్ ఉంది. కొన్ని చర్చిల్లో లూటెఫిస్క్ విందు కూడా. ఎండబెట్టిన కాడ్ చేపను క్షారంలో నానబెట్టి, మళ్ళీ నీళ్ళలో నానబెట్టి ఉడకబెడతారు. ఎండుచేపల వాసనతో పెరిగినవాణ్ణి కాబట్టి ముక్కుకు పెద్ద ఇబ్బంది లేదు. నోట్లో జారిపోయే ఆ మెత్తదనమే పట్టుబడటం లేదు. దాంతో ఇచ్చే లెఫ్సా అనే బంగాళదుంప రొట్టెలో వెన్న, పంచదార వేసుకుంటే ఎన్ని పోయాయో తెలియదు.

కాఫీ దగ్గర ఒక పెద్దాయన మాది ఏ ఊరని అడిగారు. గుంటూరు అనగానే "హయ్యర్!" అన్నారు. మనం ఫాదర్ హయ్యర్ అనే ఆయన, 1842లో గుంటూరు వచ్చిన మిషనరీ. అమెరికా తిరిగొచ్చాక ఆయన పనిచేసింది ఈ మిన్నెసోటాలోనే. 1860లో ఇక్కడ మొదలైన లూథరన్ సినడ్‌కు (చర్చిల సమాఖ్యకు) మొదటి అధ్యక్షుడు ఆయనే. డెబ్బై దాటాక, 1869లో, మళ్ళీ బయల్దేరి రాజమండ్రి వెళ్ళారు. ఆ పూట నా కొబ్బరన్నం గురించి ఎవరేమన్నారో రాసుకోలేదు, కబుర్లే సరిపోయాయి. ట్రే ఖాళీ అని మాత్రం ఉంది.

ఖాళీ అంటే పూర్తిగా ఖాళీ అనుకోకండి. ఇక్కడ ఆఖరి ముక్క ఎవరూ తీసుకోరు. పళ్ళెంలో చివరి బార్ (పళ్ళెంలో కాల్చి ముక్కలు కోసే స్వీటు) మిగిలితే ఒకరు సగం కోస్తారు, తర్వాతి వాళ్ళు ఆ సగంలో సగం. అందుకే అడుగున ఒక్క స్పూను పులిహోర మిగిలితే నా లెక్కలో అది ఖాళీ ట్రేనే.

జెల్లో సలాడ్, అంటే జెలటిన్‌తో గడ్డకట్టించే తీపి సలాడ్, కూడా ఈ నెలలోనే చేసి చూశాను. తురిమిన క్యారెట్, అనాసపండు ముక్కలు. అనాస డబ్బాలోదే వాడాలి. పచ్చి అనాసలోని ఎంజైము జెలటిన్‌ను గడ్డకట్టనివ్వదు. శాకాహారులు ఉంటే జెలటిన్ జంతువులనుంచి వస్తుందని కార్డు మీద రాయడం మర్యాద.

డిసెంబరు

ఈ నోట్‌బుక్‌లో అన్నిటికంటే ఎక్కువ పేజీలు గులాబీ పువ్వులకు పోయాయి. క్రిస్మస్ అంటే మా ఇంట్లో అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు. ఇక్కడి నార్వే, స్వీడన్ మూలాల వాళ్ళు రోజెట్స్ అని చేసేవి చూస్తే ముచ్చటేసింది. అదే పువ్వు అచ్చు, అదే పొడుగు కాడ, అదే నూనెలో ముంచే పని. వాళ్ళ పిండిలో మైదా, పాలు, గుడ్డు. పైన పంచదార పొడి చల్లుతారు. మనదాంట్లో బియ్యప్పిండి, కొబ్బరిపాలు ఉంటాయి కాబట్టి కరకర ఎక్కువ.

చర్చిలో ఒక పెద్దావిడ తన అచ్చు అరువిచ్చారు. వాళ్ళ అమ్మదట, పోత ఇనుముది, బరువుగా ఉంది. మా ఇంటి అల్యూమినియం అచ్చుకూ దీనికీ తేడా మొదటి పువ్వుకే తెలిసింది. ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది, పిండి సమంగా అంటుకుంటుంది.

పిండి: బియ్యప్పిండి రెండు కప్పులు, మైదా ఒక కప్పు, గుడ్లు రెండు, పంచదార పొడి ముప్పావు కప్పు, కొబ్బరిపాల డబ్బా 400 మిల్లీలీటర్లది ఒకటి, చిటికెడు ఉప్పు, కాసిని నువ్వులు. దోసె పిండి కన్నా కొంచెం పలచగా వచ్చేదాకా నీళ్ళు. గంటసేపు నాననివ్వాలి. నూనె 185 నుంచి 190 డిగ్రీల సెల్సియస్. అచ్చును ముందు నూనెలోనే రెండు నిమిషాలు కాలనిచ్చి, నూనె దులిపి, పిండిలో మూడొంతుల ఎత్తు వరకే ముంచాలి. పైఅంచు దాటిందా, పువ్వు అచ్చును వదలదు. పిండిలో పెట్టగానే "చుయ్" మనాలి. ఆ చప్పుడు రాకపోతే అచ్చు చాలినంత కాలలేదు, పిండి జారి కిందికి పోతుంది. నూనెలో కాసేపు ఉంచి మెల్లగా ఊపితే తనే విడిపోతుంది. ప్రతి పువ్వుకూ అచ్చును మళ్ళీ నూనెలో కాల్చాలి, తొందర పనికిరాదు. పూర్తిగా చల్లారాక మూత గట్టి రేకు డబ్బాలో పెడితే రెండు వారాలకు ఢోకా లేదు.

అచ్చు తిరిగిస్తూ ఒక డబ్బా పువ్వులు కూడా ఇచ్చాను. ఆవిడ కొరికి, బియ్యప్పిండి కొలత రాసిమ్మన్నారు.

జనవరి

సంఘం వార్షిక సమావేశం, బడ్జెట్ మీద చర్చ, తర్వాత పాట్‌లక్. బయట మైనస్ 20. ఈ చలిలో వేడి వంటకాన్ని చర్చిదాకా చేర్చడమే అసలు పని. ఐసు పెట్టెనే వాడుతున్నాను. అరగంట ముందు అందులో వేడినీళ్ళు పోసి ఉంచి, పారబోసి, తుడిచి, రెండు తువ్వాళ్ళ మధ్య ట్రే. కారు డిక్కీలో కాదు, సీటు కింద. వేడివి 60 డిగ్రీల సెల్సియస్‌కు పైన, చల్లవి 4 డిగ్రీల సెల్సియస్ లోపల ఉండాలి, బయట పెట్టినవి రెండు గంటలు దాటకూడదు. చిన్న థర్మామీటరు ఒకటి సంచిలో వేసుకుంటే ఊహాగానాలుండవు.

స్లో కుక్కర్లతో ఇంకో తంటా. 15 ఆంపియర్ల లైను మీద 120 వోల్టులకు 1800 వాట్లే దక్కుతాయి. కాఫీ డ్రమ్ము ఒక్కటే దాదాపు 1500 లాగేస్తుంది. దాని పక్క ప్లగ్గులో రెండు కుక్కర్లు పెడితే హాలు సగం చీకటి. కాబట్టి కాఫీ ఏ గోడకుంటే నా కుక్కర్ దానికి ఎదురు గోడకు. ప్రతి గిన్నె అడుగునా, మూత మీదా మాస్కింగ్ టేపు అంటించి పేరు రాయాలి. ఒకేరకం గాజు మూతలు బేస్‌మెంట్ వంటింట్లో ఎన్ని పేరుకున్నాయో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

ఈసారి ఓవెన్లో కోడి పలావు. బాస్మతి రెండున్నర కప్పులు అరగంట నానబెట్టి, ఎముకల్లేని తొడ మాంసం అర కిలో మసాలాతో సగం వేయించి, పళ్ళెంలో కలిపి, మరిగే కొబ్బరిపాలు, నీళ్ళు కలిపి నాలుగు కప్పులు పోసి, రెండు పొరల ఫాయిల్ బిగించి, 375 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 35 నిమిషాలు. దించాక పది నిమిషాలు మూత తీయొద్దు. ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే సరే. మెతుకు విడివిడిగా వచ్చింది. అంచుల్లో మాత్రం కాస్త ఆరింది, వచ్చేసారి పావు కప్పు నీళ్ళు పెంచుతాను.

ఫిబ్రవరి

లెంటు, అంటే ఈస్టరుకు ముందొచ్చే ఉపవాస దినాలు. ఆ బుధవారాల్లో సాయంత్రం సూపు, రొట్టె. తర్వాత ప్రార్థన. సైన్‌అప్ కాగితంలో "ఎర్ర కందిపప్పు చారు" అని రాసి వచ్చాను. ఇంట్లో రెండు రకాలు కాచి చూస్తున్నా. చింతపండుతో చేసింది స్లో కుక్కర్లో ఉండేకొద్దీ పులుపెక్కుతోంది. టమాటాతో చేసి, చివర్లో నిమ్మరసం పిండింది నిలకడగా ఉంది. తాలింపు చిన్న డబ్బాలో విడిగా తీసుకెళ్ళి వడ్డించే ముందు కలిపితే కరివేపాకు వాసన పోవడం లేదు. ఎర్ర పప్పు కిలోకు నీళ్ళు ఏడు లీటర్లు, మొత్తం రెండు కుక్కర్ల సరుకు. రెండోది పాస్టరమ్మగారు ఇస్తానన్నారు. ఏ గోడకు పెట్టాలో ముందే వెళ్ళి చూసుకోవాలి.