మచ్చ చుట్టూ నాలుగు సూదులు

ఒంట్లోని రేడియోధార్మిక పదార్థం జాడను తెర మీద చూపే గామా కెమెరా గదిలో పనిచేయడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగి వచ్చే రోజున మాత్రం ఇప్పటికీ కాస్త ముందుగానే వెళ్తాను.

ఆ రోజు వచ్చిన పెద్దాయనకు వీపు మీద, ఎడమ రెక్క ఎముక పక్కన, పుట్టుమచ్చ తీసిన గాటు ఉంది. దాని చుట్టూ నాలుగు చోట్ల, చర్మం పొరలోనే, టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన కొల్లాయిడ్ (అతి సన్నని రేణువులున్న ద్రవం) ఎక్కించాలి. సూది సరైన లోతులో పడితే చర్మం చిన్న పొక్కులా లేస్తుంది. నొప్పి ఉండదని నేను ఎవరికీ చెప్పను. "చురుక్కుమంటుందండీ, కొన్ని క్షణాలే" అన్నాను. "కానివ్వమ్మా" అని ఆయన పళ్లు బిగించారు.

తెర మీద మొదట వెలుగు ముద్ద ఒక్కటే కనబడుతుంది. కాసేపటికి అందులోంచి వెంట్రుకలాంటి గీత బయల్దేరుతుంది. అదే శోషరసం (లింఫ్) నడిచే దారి. ఆ గీత మొట్టమొదట చేరే గ్రంథిని సెంటినల్ నోడ్ అంటాం. కణితి నుంచి కణాలు జారిపోయి ఉంటే ముందుగా చిక్కుకునేది అక్కడే. ఈ స్కాన్‌లో క్యాన్సర్ కనబడదు, దారి మాత్రమే కనబడుతుంది. గ్రంథిలో క్యాన్సర్ ఉందో లేదో తేల్చేది దాన్ని కోసి సూక్ష్మదర్శినిలో చూసే పాథాలజిస్టు. రోగులకు ఈ తేడా విడమరచి చెప్పకపోతే తెరవైపు చూస్తూ ప్రాణాలు ఉగ్గబట్టుకుంటారు.

మచ్చ ఎడమవైపు ఉంది కాబట్టి ఎడమ చంకే అనుకున్నాం. 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త సాపే శవాలలో పాదరసం ఎక్కించి గీసిన పటాల ప్రకారమూ అంతే, శోషరసం ఒంటి నడిగీత దాటకూడదు. కానీ ఆయన వీపు మీద ఒక గీత ఎడమ చంకకు వెళ్తే, ఇంకొకటి వెన్నెముక దాటి కుడి చంకకు వెళ్లింది. పక్కనుంచి తీసిన చిత్రంలో రెక్క ఎముక అంచున, కండరాల మధ్య, మూడో చుక్క! లోతు కూడా చూపే స్పెక్ట్-సీటీ స్కాన్ తీస్తే గ్రంథేనని తేలింది. ఊహించి కోసి ఉంటే ఆ గ్రంథి లోపలే ఉండిపోయేది. 1992లో అమెరికన్ సర్జన్ డోనాల్డ్ మోర్టన్ బృందం నీలి రంగుతో సెంటినల్ నోడ్ వెతికే పద్ధతిని ప్రచురించింది. ఇప్పుడు రంగుకు తోడు ఈ పటం కూడా సర్జన్ చేతిలో ఉంటుంది.

ఆపరేషన్ బల్ల మీద ఉంచినట్టే చెయ్యి చాపించి, చర్మం మీద సిరాతో మూడు గుర్తులు పెట్టాను. చెయ్యి కదిపితే చర్మం జరుగుతుంది, గుర్తు తప్పుతుంది. వెంటనే సర్జన్‌కు ఫోను చేసి మూడోదాని లోతు చెప్పాను.

చొక్కా వేసుకుంటూ ఆయన అడిగారు: "రాత్రి స్నానం చేస్తే ఇవి పోతాయా అమ్మా?"

"నీళ్లు పోసుకోండి, గుర్తుల మీద మాత్రం రుద్దకండి" అని, మూడో గుర్తు మీద సిరా ఇంకోసారి దిద్దాను.