బొడ్డు కుట్టించుకుని తొమ్మిది నెలలు: నా రోజువారీ నోట్సు

మొదటి రోజు (జనవరి, సంక్రాంతి అయ్యాక): హైదరాబాద్‌లో ఒక పియర్సింగ్ స్టూడియోలో బొడ్డు కుట్టించుకున్నాను. కడుపు నిండా తిని వెళ్లాను, ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరుగుతాయి. కుట్టే అమ్మాయి ముందు నన్ను నిలబెట్టి గుర్తు పెట్టింది, తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి వంగమంది. కూర్చున్నప్పుడు పై మడత పూర్తిగా మూసుకుపోతే మామూలు రింగు నిలవదట, అందుకే ఆ పరీక్ష. సూది 14 గేజ్, అంటే 1.6 మిల్లీమీటర్ల మందం. వేసింది వంపు తిరిగిన టైటానియం బార్, అంటే రెండు కొనల్లో చిన్న బంతులుండే సన్నటి కడ్డీ, ఇంప్లాంట్లకు వాడే ఎఫ్-136 రకం. పొడవు 12 మిల్లీమీటర్లు, వాపుకు చోటు ఉండాలి కాబట్టి కాస్త పొడుగు. గన్‌తో కుట్టేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. అది చర్మాన్ని చీల్చుకుంటూ పోతుంది, దాన్ని పూర్తిగా స్టెరిలైజ్ చేయడం కూడా కుదరదు.

మొదటి వారం: సలుపు రెండు రోజులే. మూడో రోజు నుంచి పల్చటి రసి కారి, పొద్దున లేచేసరికి బంతి చుట్టూ లేత పసుపు రంగు పక్కు కట్టేది. అది చీము కాదు, మానే గాయానికి మామూలే. గోరుతో గిల్లకూడదు. నా పద్ధతి ఇది: మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం నార్మల్ సెలైన్, 10 మిల్లీలీటర్ల చిన్న ఆంప్యూల్స్. రోజుకు రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, గాజుగుడ్డ తడిపి నిమిషంసేపు ఆనిస్తే పక్కు నాని దానంతటదే వస్తుంది. ముక్కులో వేసే సెలైన్ చుక్కలు వేరు, వాటిలో చాలావాటికి ఉప్పు శాతం తక్కువ, ప్రిజర్వేటివ్ కూడా ఉంటుంది. తుడవడానికి టర్కీ టవల్ వద్దు, దాని పోగులు బంతికి చుట్టుకుంటాయి. నేను టిష్యూతో అద్దుతున్నాను.

అమ్మమ్మ ఫోన్ చేసి పసుపు, కొబ్బరినూనె రాయమంది. చిన్నప్పుడు నా చెవులు కుట్టించినప్పుడు ఆవిడే వేపపుల్ల పెట్టి, రోజూ తిప్పుతూ మాన్పించింది. ఆ ప్రేమను కాదనలేను కానీ ఇక్కడ పసుపు రాయలేదు. ముద్ద రంధ్రంలో ఇరుక్కుపోతుంది, పైగా చర్మం ఎర్రబడిందో లేదో ఆ రంగులో తెలియదు. తిప్పడం అసలే వద్దు. ఎండిన పక్కు లోపలికి వెళ్లి, అప్పుడే అల్లుకుంటున్న చర్మాన్ని గీరుతుంది.

ఎనిమిదో వారం: వాపు పోయింది. స్టూడియోకి వెళ్లి 10 మిల్లీమీటర్ల బార్ వేయించుకున్నాను. పొడుగు బార్ అలాగే ఉంచితే ఊగుతూ, బట్టలకు తగులుకుంటూ ఉంటుంది.

పదమూడో వారం: పిన్ని కూతురి పెళ్లి. దీని గురించి వివరంగా రాస్తాను, ఎందుకంటే మనవాళ్లకు అసలు ఇబ్బంది ఇక్కడే. లంగా బొందు, కుచ్చిళ్లు, వడ్డాణం, మూడూ వచ్చి కూర్చునేది సరిగ్గా బొడ్డు దగ్గరే. వడ్డాణం వద్దని ముందే చెప్పేశాను. బొందు రెండంగుళాలు కిందికి కట్టాను, కుచ్చిళ్లు కూడా అక్కడే దోపాను. అంతా బాగానే ఉందనుకున్నాను. భోజనాల దగ్గర కూర్చుని లేస్తుంటే పైటకున్న జరీ పోగు ఒకటి పై బంతి కిందికి దూరి లాగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గదిలోకి వెళ్లి అక్క చేత చిన్న కత్తెరతో పోగు కత్తిరించుకున్నాను. తెల్లారేసరికి పై రంధ్రం పక్కన కందిగింజంత ఎర్రటి బుడిపె. చాలా టెన్షన్ పడ్డాను. కొత్తగా ఏమీ రాయలేదు, సెలైన్ ఒక్కటే, నడుము దగ్గర వదులుగా ఉండే కుర్తాలు. మూడు వారాలకు అణిగింది.

ఒకవేళ ఎరుపు చుట్టూ పాకుతూ ఉంటే, వేడిగా ఉండి వాసన వచ్చే చీము కారితే, జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బార్ మీ అంతట మీరు తీసేయకండి. రంధ్రం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోవచ్చు.

ఎండాకాలం: చెమటే పెద్ద సమస్య. ఆఫీసు నుంచి రాగానే మంచినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టేదాన్ని. స్విమ్మింగ్ పూల్‌లోకి దిగలేదు. పిల్లలంతా రమ్మని పిలుస్తుంటే గట్టున కూర్చోవడం కష్టంగానే అనిపించింది. కారులో సీటు బెల్టు కింది పట్టీని తొడల మొదట్లోకి జరుపుకునేదాన్ని.

తొమ్మిదో నెల: నెల రోజులుగా రసి లేదు, నొప్పి లేదు. ప్రతి ఆదివారం కిటికీ పక్కన నిలబడి, స్టీలు స్కేలు ఆనించి ఫోటో తీస్తున్నాను. రెండు రంధ్రాల మధ్య చర్మం పల్చబడుతున్నా, బార్ రోజురోజుకీ ఎక్కువ కనిపిస్తున్నా శరీరం దాన్ని బయటికి నెట్టేస్తోందని అర్థం. నాది మొదటి ఫోటోలో ఎంతుందో ఇప్పుడూ అంతే. పై రంధ్రం అంచు మాత్రం ఇంకా కొంచెం గులాబీ రంగులోనే ఉంది. పూర్తిగా మానడానికి ఏడాది పట్టొచ్చు కాబట్టి నేను కొనిపెట్టుకున్న ఎర్రరాయి బార్ జనవరి దాకా డబ్బాలోనే ఉంటుంది.