రుబ్ అల్ ఖాలీ ఇసుకలో నా కారు నేనే నడపడానికి పడిన పాట్లు

ఒమన్ దక్షిణ ప్రాంతంలో, సలాలా నగరానికి ఉత్తరాన, రుబ్ అల్ ఖాలీ ఎడారిలో మార్గదర్శి వాహనం ముందు సాగుతుండగా ఎవరి కారు వారే నడుపుకుంటూ వెళ్లే యాత్రలో చేరి, ఈ వారమే హైదరాబాద్ తిరిగి వచ్చాను. సౌదీ అరేబియా, ఒమన్, ఎమిరేట్స్, యెమెన్ దేశాలలో దాదాపు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకున్న ఆ ఎడారిలో మేము తిరిగింది దక్షిణపు అంచులో ఒక చిన్న భాగం మాత్రమే. ఆ ఇసుక అందాన్ని వర్ణించేవారు చాలామంది ఉన్నారు. ఇలాంటి యాత్రకు వెళ్లాలనుకునేవారికి, ముఖ్యంగా ఆడవారికి, నాకు జరిగినది జరిగినట్టు చెప్పడం నా ఉద్దేశం. నేను బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినదాన్ని; మా ఇంట్లో కారు నడిపేది నేనే. ఈ యాత్రకు కూడా కారు నడపడానికే డబ్బు కట్టాను, వెనుక సీట్లో కూర్చుని దిబ్బలు చూడడానికి కాదు.

వీసా, టికెట్ల గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. ఒమన్ వీసాకు ఇంట్లో కూర్చునే దరఖాస్తు చేయవచ్చు; మస్కట్‌కు ఇక్కడి నుంచి నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి సలాలాకు మరొకటి. నాతో మా చెల్లెలు వచ్చింది. తనకు కారు నడపడం రాదు, కాబట్టి స్టీరింగ్ దగ్గర మాలో మాకు పోటీ లేదు.

మొదటి చేదు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ దగ్గర తగిలింది. ఫారం 4ఏ నింపి, 1000 రూపాయల రుసుము కట్టి, లైసెన్సు, పాస్‌పోర్టు చూపిస్తే ఏడాది గడువుతో ఈ పర్మిట్ ఇవ్వాలి. దరఖాస్తు సమయంలోనే వైద్య ధ్రువపత్రం, వీసా ఉండాలన్న షరతులను కేంద్ర ప్రభుత్వం 2021 జనవరి 7న జారీ చేసిన నోటిఫికేషన్‌తో తొలగించింది. ఆ నోటిఫికేషన్ ప్రతి నా చేతిలో ఉండగానే రవాణా శాఖ కార్యాలయం కౌంటర్‌లోని ఉద్యోగి, "అవన్నీ మాకు తెల్వదమ్మా, మెడికల్ లేకుంటే తీసుకోం" అన్నారు. తరువాత నా భుజం మీదుగా వెనక్కి చూసి, "సార్ రాలేదా? పర్మిట్ ఎవరి పేరు మీద?" అని అడిగారు. నా పేరు, నా ఫొటో ఉన్న దరఖాస్తు ఆయన ముందే ఉంది. బయటికి వచ్చేసరికి ఏజెంటు ఒకడు ఎదురొచ్చి, ధ్రువపత్రంతో సహా సాయంత్రానికల్లా పని పూర్తి చేయిస్తానని ధర చెప్పాడు. నేను మళ్లీ లోపలికి వెళ్లి పై అధికారి గది ముందు నిలబడ్డాను. ఆయన ఆ ప్రతిని మొదటి నుంచి చివరి దాకా చదివి, దరఖాస్తు తీసుకోమని రాసి ఇచ్చారు. ప్రభుత్వం ఎత్తివేసిన షరతును కౌంటర్ దగ్గర బతికించి, దాని మీద బయట మరొకరి సంపాదన సాగనివ్వడం పౌరులను అవమానించడమే. నోటిఫికేషన్ ప్రతి వెంట ఉంచుకోండి, ఏజెంటుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

యాత్ర నిర్వాహకులు హైదరాబాద్ వారే. బయలుదేరే ముందు నగర శివార్లలో మాకు శిక్షణ ఇచ్చారు. మన దక్కను నేల మొరం, బండరాళ్లు. అక్కడ ఏ చక్రం ఏ రాయి మీద పడుతోందో చూసుకుంటూ నెమ్మదిగా పాకించాలి. ఇసుకలో అలా పాకిస్తే కారు కూరుకుపోతుంది, అక్కడ ఊపు చెడకుండా చూసుకోవాలి. కాబట్టి ఆ శిక్షణ వాహనాన్ని అర్థం చేసుకోవడానికి పనికి వచ్చింది గానీ ఇసుకకు పనికి రాలేదు. అయినా అన్ని అడ్డంకులనూ ఎవరి సాయం లేకుండా దాటినవారిలో నేను ఒకతెనని ఇక్కడ చెప్పి తీరాలి, ఎందుకంటే తరువాత జరిగినదానికి దీనితో సంబంధం ఉంది.

మరొక మాట. సిగ్నల్ అందని చోటికి వెళ్తున్నాం కదా అని ఉపగ్రహ ఫోనో, ఉపగ్రహ సందేశ పరికరమో కొని సామానులో పెట్టుకోకండి. టెలికమ్యూనికేషన్ల శాఖ అనుమతి లేకుండా వాటిని మన దేశంలోకి తేవడం, వాడడం నేరం. విమానాశ్రయాలలో పట్టుబడి కేసులలో ఇరుక్కున్న ప్రయాణికులు ఉన్నారు. ఆ పరికరం మార్గదర్శి దగ్గర ఉంటే చాలు.

సలాలాలో నా పేరు మీద అద్దెకు తీసుకున్న కారుకు స్టీరింగ్ ఎడమవైపున, ప్రయాణం రోడ్డుకు కుడివైపున. ధోఫార్ కొండలు ఎక్కి దిగి థుమ్రైత్ చేరేలోగా చేతులకు అలవాటైంది. ప్రాచీన సాంబ్రాణి వర్తకపు దారిలో ఉన్న షిస్ర్ శిథిలాలను చూసి, అల్ హష్మాన్ దాటాక టైర్లలో గాలి తగ్గించాము. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ ఉండే గాలిని 15కు దించితే టైరు పొడవునా పరుచుకుని బరువును ఎక్కువ ఇసుక మీదికి పంచుతుంది. ఇంకా బాగా దించితే, గట్టిగా మలుపు తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడివస్తుంది. మా ప్రధాన మార్గదర్శి సలాలాకు చెందిన ఒమనీ పెద్దమనిషి. ఆయనకు ఉర్దూ బాగా వచ్చు, నా హైదరాబాదీ ఉర్దూ ఆయనకు సులువుగానే అర్థమైంది. మన హైదరాబాద్‌లోని బార్కస్ ప్రాంతపు కుటుంబాల పూర్వీకులు నిజాం సైన్యంలో చేరడానికి బయలుదేరి వచ్చిన యెమెన్‌లోని హద్రమౌత్ ఈ ఎడారికి దక్షిణంగానే ఉందని చెబితే, తన బంధువులలో కొందరికి హైదరాబాద్ పేరు తెలుసునని ఆయన ఎంతో సంతోషించారు.

ఇక అసలు సంగతి. దిబ్బకు గాలి వీచే వైపు వాలు తక్కువగా, ఇసుక గట్టిగా ఉంటుంది. అవతలి వైపు ముప్పై డిగ్రీలు దాటిన వాలుతో ఇసుక వదులుగా జారుతుంటుంది. ఎక్కేటప్పుడు ఊపు తగ్గనివ్వకుండా వచ్చి, సరిగ్గా అంచు మీద యాక్సిలరేటర్ వదలాలి. ముందే వదిలితే కారు పొట్ట అంచు మీద ఆనుకుని నాలుగు చక్రాలూ తేలిపోతాయి, ఆలస్యంగా వదిలితే కారు గాలిలోకి లేస్తుంది. దిగేటప్పుడు ముక్కు నేరుగా కిందికే ఉండాలి, కొంచెం అడ్డం తిరిగినా బోల్తా పడే ప్రమాదం ఉంది. వెనుక భాగం పక్కకు జారుతున్నట్టు అనిపిస్తే బ్రేకు తొక్కకూడదు, కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి తిన్నగా లాగాలి. ముందు కారు దిగి వాకీటాకీలో చెప్పేదాకా వెనుక కారు కదలకూడదు. ఇదంతా విన్నాను, చిన్న దిబ్బల మీద చేసి చూపించాను.

రెండవ రోజు మధ్యాహ్నం మొదటి పెద్ద దిబ్బ వచ్చింది. నడినెత్తిన ఎండలో ఇసుక మీద నీడలు ఉండవు కాబట్టి అంచు ఎక్కడ ఉందో కంటికి తెలియదు. ఉదయం చలికి బిగిసి ఉన్న ఇసుక ఆ వేళకు వదులవుతుంది. నా ముందు ఇద్దరు పెద్దమనుషులు అంచు మీద ఇరుక్కున్నారు. పారలతో ఇసుక తవ్వి, చక్రాల కింద పలకలు పెట్టి వారిని వెనక్కి లాగారు. ఇద్దరికీ మళ్లీ ప్రయత్నించే అవకాశం ఇచ్చారు. వారిలో ఒకరికి మూడోసారి కూడా ఇచ్చారు. ఇందులో తప్పు లేదు, ఇసుకలో ఇరుక్కోవడం అందరికీ జరిగేదే. తరువాత నా వంతు వచ్చింది. ఇంజిన్ వేసి పిలుపు కోసం ఎదురు చూస్తుండగా, నిర్వాహకుల తరఫున సహాయకుడిగా వచ్చిన కుర్రవాడు నా తలుపు తీశాడు.

"ఆంటీ, మీరు వెనక కూర్చోండి. ఇది నేను దాటించి ఇచ్చేస్తా."

నేను ఇరుక్కోలేదు. సాయం అడగలేదు. ఆ మాటే చెప్పాను. "రిస్క్ ఎందుకాంటీ, అందరికీ లేటవుతోంది" అంటూ అతడు అప్పటికే నా సీటు బెల్టు బకిల్ మీద చెయ్యి వేశాడు. దిబ్బ కింద నిలబడినవారంతా మావైపే చూస్తున్నారు. మా చెల్లెలు, "అక్కా, పోనీలే" అంది. నలుగురిలో వాదన పెంచితే ఆలస్యానికి కారణం నేనే అవుతానన్న ఒక్క ఆలోచనతో దిగి వెనుక కూర్చున్నాను. అతడు చక్కగా ఎక్కించాడు, చక్కగా దించాడు. కింద ఉన్నవారు చప్పట్లు కొట్టారు, ఒకరు వీడియో తీశారు. ఆ వీడియోలో వెనుక సీటు కిటికీ దగ్గర నా ముఖం కనిపిస్తుంది. నెలల తరబడి పొదుపు చేసి, ఆఫీసుల చుట్టూ తిరిగి, నేను నేర్చుకోవడానికి వచ్చిన ఆ ఒక్క దిబ్బను నా కారులోనే నన్ను కూర్చోబెట్టి మరొకరు దాటారు. ఇరుక్కున్న మగవారికి రెండవ అవకాశం, ఇరుక్కోని నాకు మొదటిదే లేదు. ఇది భద్రత కాదు. భద్రతే అయితే ఆ నియమం అందరికీ ఒకేలా ఉండాలి.

ఆ రాత్రి విడిదిలో, అందరి ముందు జరిగినదాన్ని అందరి ముందే అడగాలని నిశ్చయించుకున్నాను. ఒప్పందం తీసి చదివాను. డ్రైవరు కోరితేనో, ప్రధాన మార్గదర్శి ఆదేశిస్తేనో తప్ప వాహనాన్ని వేరొకరు నడపరాదని అందులో స్పష్టంగా ఉంది. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఆ కారు అద్దె పత్రంలో డ్రైవరుగా ఉన్నది నా పేరు ఒక్కటే. అతడు నడుపుతుండగా కారు బోల్తా పడి ఉంటే బీమా వర్తించేది కాదు, నష్టం నా మెడకు చుట్టుకునేది. నిర్వాహకుడు, "మీ సేఫ్టీ కోసమే కదా మేడం" అని మొదలుపెట్టారు. నేను ఆయనకు జవాబు చెప్పకుండా ప్రధాన మార్గదర్శిని ఉర్దూలో అడిగాను, ఆ ఆదేశం మీరు ఇచ్చారా అని. ఆయన ఇవ్వలేదన్నారు. కొంతసేపు ఆగి, "రేపు మీ కారు నా కారు వెనుకనే" అన్నారు.

1930లో బ్రిటిష్ అన్వేషకుడు బెర్ట్రామ్ థామస్ ధోఫార్ తీరం నుంచి ఒంటెల మీద బయలుదేరి, మరుసటి ఏడాది ఈ ఎడారిని దాటి దోహా చేరాడు. అతణ్ని నడిపించినది రషీద్ తెగకు చెందిన షేక్ సాలెహ్ బిన్ కలూత్. దారి ఎరిగినవాడు ముందు నడుస్తాడు, వెనుక వచ్చేవారు తమ వాహనం తాము నడుపుకుంటారు. ఆ ఒమనీ పెద్దమనిషి చేసినదీ అదే.

మరునాడు చలి వదలకముందే బయలుదేరాము. ఇసుక గట్టిగా ఉంది, అంచుల నీడలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆయన చక్రాల జాడ వదలకుండా వెళ్లాను. ముందు రోజు దానికంటే ఎత్తైన దిబ్బ మీద అంచు దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ముక్కు నెమ్మదిగా వంగింది, ఎదుట కిందిదాకా ఖాళీ కనిపించింది. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చి నెమ్మదిగా నడిపే 'ఫోర్-లో' అమరికలో, మొదటి గేరులో, బ్రేకు ముట్టకుండా దించాను. సగంలో వెనుక భాగం ఎడమకు జారింది. కొద్దిగా యాక్సిలరేటర్ ఇవ్వగానే తిన్నగా అయింది. వాకీటాకీలో ఆయన "షాబాష్ ఆపా" (శభాష్ అక్కా) అన్నారు. ఆ రోజు, ఆ తరువాత కూడా నా కారును ఎవరూ లాగవలసిన అవసరం రాలేదు.

వెళ్లాలనుకునేవారికి చెప్పేది ఇది. డబ్బు కట్టకముందే మీ కారును ఎవరు, ఎప్పుడు, ఎవరి ఆదేశంతో తీసుకోవచ్చో రాయించుకోండి. సహాయకుల పేర్లు అద్దె పత్రంలో ఉన్నాయో లేదో చూడండి. మామూలు అద్దె కార్ల బీమా ఇసుకలో చెల్లకపోవచ్చు కాబట్టి ఎడారి ప్రయాణానికి వర్తిస్తుందని పత్రంలో స్పష్టంగా ఉందో లేదో చదవండి. కూరుకుపోయిన కారును లాగేటప్పుడు తాడును ట్రైలరు తగిలించే గుండుకు కట్టనివ్వకండి, అది విరిగి తుపాకీ గుండులా వచ్చి మనుషుల ప్రాణాలు తీసిన సందర్భాలు ఉన్నాయి. బట్టలు, బూట్ల గురించి నిర్వాహకులు ఇచ్చే పొడవైన జాబితాను నేను పట్టించుకోలేదు, ఏ లోటూ రాలేదు.

తిరిగి వచ్చిన రోజే నిర్వాహకులకు ఉత్తరం రాశాను. వచ్చే యాత్రలో రాయితీ ఇస్తామని నిన్న జవాబు వచ్చింది. రాయితీ అక్కర్లేదని వెంటనే తిరిగి రాశాను. నేను కోరినవి రెండు: ఆ సహాయకుడి తరఫున లిఖితపూర్వక క్షమాపణ, అడగకుండా ఎవరి కారు తలుపూ తీయరాదన్న నియమం వారి దరఖాస్తు పత్రంలో చేర్చడం. దానికి ఇంకా జవాబు రాలేదు.