తే ఆమాది, ఆకు అమ్మమ్మది

మా ఇంట్లో టీకి రెండు పేర్లు. నేను టీ అంటాను. హైదరాబాదులో పెరిగిన మావారు చాయ్ అంటారు. "ఇందులో తెలుగు మాట ఏదమ్మా?" అని రెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి చాలాసార్లు అడిగింది. టీ అనే అనమనేదాన్ని. తైవాన్‌లో పెరుగుతున్న పిల్లకు వచ్చిన కాస్త తెలుగైనా కుదురుగా ఉండాలని నా పట్టుదల.

ఒకరోజు బడి నుంచి వచ్చి తేనీటికి వాడే చైనా అక్షరం రాసి చూపించింది. పైన గడ్డి గుర్తు, నడుమ మనిషి, కింద చెట్టు. "ఆకుల మధ్య నిలబడి టీ కోస్తున్న మనిషి" అంది. ఆ ఊహ నాకెంతో నచ్చింది. కానీ అక్షరం పుట్టుక వేరు. చేదు మొక్కకు వాడే పాత అక్షరంతోనే తేయాకునూ రాసేవారు. థాంగ్ వంశం ఏలుబడిలో అందులోంచి ఒక్క గీత తీసేసి తేయాకుకు సొంత అక్షరం చేసుకున్నారు. రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే, ఆ గీతను వేలితో మూస్తూ తెరుస్తూ చాలాసేపు కూర్చుంది.

బడిలో ఆ అక్షరాన్ని 'ఛా' అని చదువుతారు. పక్కింటి పెద్దావిడ మాత్రం 'తే' అంటుంది. ఆమెను మా అమ్మాయి ఇక్కడి పిల్లల్లాగే 'ఆమా' అని పిలుస్తుంది. నానమ్మ, అమ్మమ్మ ఎవరికైనా అదే మాట. ఆమాది చైనాలోని ఫూజియన్ తీరం నుంచి వలస వచ్చినవారి భాష. చైనా అక్షరం అర్థాన్ని మోస్తుంది కనుక ఏ భాషవారైనా తమ పలుకుతో చదువుకుంటారు. ఆ 'తే' డచ్చి వర్తకుల ఓడల్లో ఐరోపా చేరి, ఇంగ్లీషు ద్వారా మనకు టీగా వచ్చింది. 'ఛా' నేల దారిన పారశీకానికి వెళ్లి, చాయ్ అయి, ఉర్దూతో హైదరాబాదు చేరింది. తెలుగని నేను పట్టుబట్టిన మాట, వద్దన్న మాట, రెండూ ఒకే అక్షరానివి. ఇన్నాళ్లూ పిల్లను అనవసరంగా ఆపాను.

ఆ రాత్రి ఫోనులో ఈ కథంతా అమ్మమ్మకు చెప్పింది. "మా పుస్తకాల్లో తేయాకు అని ఉండేదే తల్లీ" అంది మా అమ్మ. అమ్మాయి ఆ మాటను కాగితం మీద రాసి, మధ్యలో గీత గీసింది. "తే ఆమాది, ఆకు అమ్మమ్మది" అంది.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని పక్కింటికి పరుగెత్తింది. ఆమా కళ్లద్దాలు పెట్టుకుని, మా అమ్మాయి చూపించిన మొదటి తెలుగు అక్షరం మీద వేలుంచి, 'తే' అని నెమ్మదిగా పలికింది.