ఎదుర్లంక వంతెన మీద దొరికిన మార్కులు

మొన్న గ్రూప్-1 తుది జాబితాలో నా నంబరు చూసి అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత పులిహోర కలిపింది. ఇది నా మూడో మెయిన్స్. సిలబస్, పేపర్లు మీకు తెలిసినవే. రెండోసారి ఎందుకు పోయిందో మాత్రం చెప్పాలి.

టెస్ట్ సిరీస్‌లో "జాతీయత పుట్టిందా, పుట్టించారా?" అని వ్యాసం ఇచ్చారు. చదివిందంతా కుమ్మరించాను. జాతి అనాదిగా ఉందనేవాళ్లకు ఒక పేరా. పరిశ్రమలు, బడులు వచ్చాకే జాతి తయారైందన్న పండితుడు గెల్నర్‌కు ఒకటి. అచ్చు వచ్చాక ముఖం చూడనివాళ్లు కూడా మనవాళ్లయ్యారన్న ఇంకో పండితుడు ఆండర్సన్‌కు ఇంకొకటి, దానికి తోకగా వీరేశలింగం గారి వివేకవర్ధని పత్రిక, 1874. దిద్దిన సారు మార్జిన్‌లో "మరి మీరేమంటారు?" అని రాసి సగం మార్కులు కూడా వేయలేదు. ఆయన్నే తిట్టుకున్నాను. మెయిన్స్‌లోనూ అలాగే రాశాను. పోయింది.

ఇంటికొచ్చాక ఒకరోజు పెట్రోలు కోసం వంతెన దాటి, పుదుచ్చేరి కింద ఉన్న యానాం వెళ్లాను. మా కోనసీమ వైపు అందరూ చేసే పనే, అక్కడ చవక. గౌతమికి అటూ తెలుగే, ఇటూ తెలుగే, రేటు మాత్రం వేరు. అమ్మమ్మకి చెబితే "మా అమ్మ పెళ్లి అక్కడే చేశార్రా" అంది. బాల్య వివాహాలను ఆపే శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చాక, ఫ్రెంచి యానాంలో అది చెల్లదని పిల్లల పెళ్లిళ్లకు పంటు ఎక్కి వెళ్లేవారట. కల్యాణపురం అన్న పేరే వచ్చింది ఆ ఊరికి.

భాష ఒక్కటే చాలితే 1956 నవంబరు 1న యానాం కూడా ఆంధ్రప్రదేశ్‌లో కలవాలి కదా? సరిగ్గా అంతకు రెండేళ్ల ముందు, 1954 నవంబరు 1న, ఫ్రెంచివాళ్లు పాలన మనకు అప్పగించారు. జనం అభిప్రాయం తెలుసుకోకుండా దాని ప్రత్యేక హోదా మార్చకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. అది పుదుచ్చేరితోనే ఉండిపోయింది. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారంగా ఉండి ప్రాణమిచ్చాక వచ్చిన ఆంధ్రకు తెలంగాణను కలిపి 1956లో చేసిన భాషా రాష్ట్రాన్నే, ముల్కీ నిబంధనల దగ్గర, అంటే తెలంగాణ ఉద్యోగాలు అక్కడి స్థానికులకే అన్నచోట, తేడా వచ్చేసరికి 1972లో విడగొట్టమని రోడ్డెక్కింది మన కోస్తా వాళ్లే. గుర్తింపు పుట్టడానికి భాషో, అచ్చో చాలేమో. నిలవడానికి ఉద్యోగం, సీటు, హక్కు లాంటి రోజువారీ ఆసరా కావాలి. ఇదే నా మాట. మూడోసారి వ్యాసాలన్నిటికీ ఇలా సొంత మాట వెతుక్కున్నాకే పెన్ను పట్టాను.

మిగతాదంతా మామూలే. ఒక్క దినపత్రిక, నాలుగింటికి లేవడం, ఫోను బియ్యం డ్రమ్ములో. ఆ డ్రమ్ము మూత తీయకుండా ఉండలేనివాళ్లు ఈ పరీక్ష జోలికి రావొద్దు, కోపం వచ్చినా సరే. "ఐదేళ్లు నాన్న సొమ్ము తిన్నాడు" అన్న చుట్టాలకూ ఒక మాట: కొబ్బరి దింపుల లెక్కలన్నీ నేనే రాశాను, పైసా తేడా రాలేదు.

ఆ జాతీయత వ్యాసాన్నే యానాం సంగతితో మళ్లీ రాసి అదే సారుకు పంపాను. మార్కులు బాగానే వేశారు. మార్జిన్‌లో మాత్రం "పెట్రోలు సంగతి కొట్టేయండి" అని ఉంది. కొట్టేయలేదు.